దించిన శ్రుతి, దించని బిగువు

మామూలు శ్రుతిలో ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ మీద ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుది, దాదాపు 8 కిలోల బిగువుతో ఉంటుంది. 10–46 తీగల సెట్, 25.5 అంగుళాల స్కేల్ ఉన్న గిటార్‌కి ఈ లెక్క. అదే తీగను డ్రాప్ సీకి దించితే బిగువు 5 కిలోలకు పడిపోతుంది. హెవీ రాక్ రిథమ్ వాయించాలని బయల్దేరినవారి కష్టాలన్నీ మాయమైపోయిన ఆ 3 కిలోల దగ్గరే మొదలవుతాయి. తీగ వదులైపోతుంది, కొట్టినప్పుడల్లా స్వరం అటూ ఇటూ జారుతుంది, అరచేతి అంచు ఆన్చి మ్యూట్ చేస్తే ‘ధడ్’ అని మోగాల్సింది ‘డబడబ’ అంటుంది. తప్పంతా పికప్‌దేనని తీర్మానించి, జీతంలో మంచి ముక్క తీసి కొత్త పికప్ తెప్పించేవారు చాలామంది. బిగించాక చూస్తే అదే డబడబ ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

కాబట్టి ఖర్చుకు ఒక వరస ఉంది. ముందు తీగలు, ఆ తర్వాత సెటప్, దాని తర్వాత స్కేల్ పొడవు. పికప్ వంతు చివర్లో. గిటార్ వ్యాపారం నడిచే తీరు మాత్రం దీనికి తలకిందులు. పికప్‌ల పెట్టెల మీద ఉన్నన్ని పుర్రెలూ మంటలూ తీగల పాకెట్ల మీద కనిపించవు.

డ్రాప్ ట్యూనింగ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. మామూలు శ్రుతిలో ఆరో తీగ ‘ఈ’ (E) అనే స్వరం మీద, సెకనుకు 82.4 కంపనాలతో మోగుతుంది. దాన్నొక్కదాన్నే రెండు మెట్లు (సెమీటోన్లు) దించితే డ్రాప్ డీ, 73.4 హెర్ట్జ్. అప్పుడు కింది మూడు తీగలూ వేలు పెట్టకుండానే స–ప–స పలుకుతాయి. ఒక్క వేలు అడ్డంగా పరిచి పైకీ కిందికీ జరిపితే చాలు, పవర్ కార్డ్ వెంట వస్తుంది. వేగంగా కార్డులు మార్చడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. డ్రాప్ సీలో అన్ని తీగలనూ రెండు మెట్లు దించి, ఆరోదాన్ని ఇంకో రెండు దించుతారు. అప్పుడది 65.4 హెర్ట్జ్. డ్రాప్ బీ 61.7. డ్రాప్ ఏ సరిగ్గా 55.

ఇక్కడ చాలామంది కన్నుగప్పి జారిపోయే సంగతి ఒకటుంది. తీగ బిగువు కంపనాల సంఖ్యతో సమానంగా తగ్గదు, దాని వర్గాన్ని బట్టి తగ్గుతుంది. అందుకే డ్రాప్ సీలో పై అయిదు తీగలూ తలా 21 శాతం బిగువు పోగొట్టుకుంటే, ఆరోది ఏకంగా 37 శాతం పోగొట్టుకుంటుంది. ‘కొంచెం లావు సెట్ వేశాను, అయినా అడుగు తీగ మాత్రం ఊగుతోంది’ అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. సెట్ మొత్తం లావైతే చాలదు. అడుగు తీగ మిగతావాటికంటే ఇంకా ఎక్కువ లావవ్వాలి.

అయోమీ కోరుకున్నది వేరు

శ్రుతి దించడం గురించి ఎవరు మాట్లాడినా టోనీ అయోమీ పేరు రాకుండా ఉండదు. 1965లో, 17 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లోని రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. సన్నని గిటార్ తీగలు అప్పట్లో సులువుగా దొరక్క బాంజో తీగలు తెచ్చి బిగించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్ నాటికి కొన్ని పాటలకు శ్రుతిని మూడు మెట్లు దించేశాడు. హెవీ మెటల్ చరిత్రలో ఆ ధ్వని ఒక మైలురాయి.

ఆయన శ్రుతి దించడంలో వేళ్ల నొప్పికి ఊరట కూడా ఉంది. అంటే ఆ వదులు ఆయనకు కావలసిందే. పైగా ఆయన బృందం బ్లాక్ సబ్బాత్ రిఫ్‌లు చాలావరకు నెమ్మదిగా నడుస్తాయి. ఒక్కో స్వరానికి విచ్చుకునేంత తీరిక ఉంటుంది, వదులు తీగ మీద వేలితో లాగే వైబ్రాటో కూడా బాగా పలుకుతుంది. అదే పద్ధతిలో సన్నని తీగలు వేసుకుని స్లిప్‌నాట్ బృందం తరహాలో డ్రాప్ బీలో పరుగులు తీయబోతే చేతికి ఏదీ దొరకదు. ఒక కొట్టు తర్వాత తీగ కుదురుకునేలోపే రెండో కొట్టు వచ్చి పడుతుంది.

అందువల్ల గిటార్ కొనబోయే ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘ఎంత కిందికి దించాలి’ అన్నది కాదు, ‘దించి ఎంత వేగంగా కొట్టాలి’ అన్నది. డూమ్, స్టోనర్ తరహా నెమ్మది రిఫ్‌లు వాయించేవారు 5, 6 కిలోల బిగువుతో హాయిగా బతకగలరు. పేజ్ హామిల్టన్ నడిపిన హెల్మెట్ బృందం 1992లో ‘మీన్‌టైమ్’ ఆల్బమ్‌లో చేసినట్టు ఆగి, కొట్టి, ఆగి, కొట్టే ఖచ్చితమైన రిఫ్‌లు కావాలంటే బిగువు 7, 8 కిలోల దగ్గర ఉండాలి. హామిల్టన్ శ్రుతి డ్రాప్ డీ మాత్రమేనని ఇక్కడ గుర్తుచేయడం అవసరం. ఆ ఆల్బమ్ బరువు లోతులోంచి రాలేదు, నిశ్శబ్దాన్ని కత్తిరించిన తీరులోంచి వచ్చింది.

తీగలతో లెక్క

తీగల లావును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 46 అంటే 0.046 అంగుళం. మామూలు శ్రుతిలో 46 ఇచ్చే బిగువును డ్రాప్ సీలో ఇవ్వాలంటే, 25.5 అంగుళాల స్కేల్ మీద, సుమారు 58 కావాలి. డ్రాప్ బీకి 61 దగ్గర. డ్రాప్ ఏకి 69 దాకా పోవాలి. అంగట్లో దొరికే సెట్లలో ఎర్నీ బాల్ నాట్ ఈవెన్ స్లింకీ 12–56, మామత్ స్లింకీ 12–62, డాడారియో ఈఎక్స్ఎల్148 12–60 ఈ పనికే పుట్టాయి. పై తీగలు అంత లావుగా ఉంటే సోలోలకు వేళ్లు నొప్పెడతాయనుకునేవారు 10–52 లేదా 11–56తో మొదలుపెట్టి, అడుగు తీగను మాత్రం విడిగా లావుది కొనుక్కోవచ్చు. విడి తీగ ఒకటి కొనడానికి మొహమాటపడేవారు ఎందుకో ఎక్కువ.

సెపల్చురా బృందంలో ఉన్న రోజుల్లో మ్యాక్స్ కవలేరా ఈ చిక్కుకు తనదైన పరిష్కారం కనిపెట్టాడు. సన్నని రెండు తీగలు తనకు అవసరం పడవని తీసేసి, నాలుగు తీగలతోనే రిథమ్ వాయించాడు. అందరికీ సిఫారసు చేయదగ్గ పద్ధతి కాదు. కానీ రిథమ్ గిటారిస్టు దృష్టి ఎక్కడ ఉండాలో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

లావు తీగ తెచ్చుకున్నాక దాన్ని పాత తీగ స్థానంలో చుట్టేస్తే పని అయిపోదు. నట్‌లో 46 కోసం కోసిన గాడిలో 58 దిగదు. దిగినా ఇరుక్కుంటుంది. ట్యూనర్ తిప్పుతుంటే కాసేపు ఏమీ కదలదు, తర్వాత ‘టిక్’మని ఒక్కసారిగా దూకుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే నట్ గాడిని సన్నని ఆకురాయితో వెడల్పు చేయించాలి. ఇది చేయి తిరిగినవారికి వదిలేయాల్సిన పని. ఎందుకంటే లోతు ఎక్కువైతే తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి జుయ్యిమంటుంది, అప్పుడిక నట్టే మార్చాలి. ఇంకా లావైన తీగలు కొన్ని గిటార్లలో ట్యూనర్ రంధ్రంలోనే దూరవు. అది కూడా ముందుగా చూసుకోవడం మంచిది.

తర్వాత ట్రస్ రాడ్. తీగల మొత్తం లాగుడు మారితే నెక్ వంపు మారుతుంది, దాన్ని సరిచేయాలి. ఆ పైన యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు), చివరికి ఇంటొనేషన్. లావు తీగకు శాడిల్ వెనక్కి జరగాలి. కొన్ని గిటార్లలో ఎంత వెనక్కి జరిపినా చాలదు. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే తాకీ తాకనట్టు మీటిన హార్మోనిక్ ఒకటే పలకకపోతే, పైన ఎక్కడ కార్డ్ పట్టినా పుల్లగా వినిపిస్తుంది. డిస్టార్షన్ ఆ పులుపును దాచదు, పదింతలు చేస్తుంది. ఇంత సెటప్ చేయించిన గిటార్‌ను మళ్లీ మామూలు శ్రుతికి ఎక్కించి వేరే పాటలు వాయించాలనుకోవడం వృథా ప్రయాస. డ్రాప్ శ్రుతికి ఒక గిటార్‌ను అంకితం చేయడమే మేలు. అది పాతదైనా, చవకదైనా సరే.

శ్రుతి చేసుకునే పద్ధతి కూడా మారాలి. గట్టిగా కొట్టిన తీగ మొదటి క్షణంలో అసలు స్వరం కంటే కొంచెం పైకి ఎగిరి, తర్వాత దిగుతుంది. తీగ ఎంత వదులైతే ఎగురుడు అంత ఎక్కువ. ట్యూనర్ ముందు మెత్తగా మీటి శ్రుతి చేసుకుని, పాటలో బలంకొద్దీ కొడితే రిఫ్ అంతా శ్రుతికి పైనే నడుస్తుంది. పాటలో ఎంత బలంతో కొడతారో అంతే బలంతో కొడుతూ, ఆ మొదటి దెబ్బను చూసి ట్యూన్ చేసుకోవాలి.

ఇక సముద్రపు గాలి సంగతి. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఉండేవారికి ఉప్పగాలీ చెమటా కలిసి తీగలను తొందరగా తుప్పు పట్టిస్తాయి. లావు తీగ చుట్ల మధ్య మురికి చేరితే దాని ఖణేల్మనే మోత ముందు పోతుంది. పైపూత ఉన్న తీగల ధర ఎక్కువైనా, తీరప్రాంతంలో ఆ ఖర్చుకు అర్థం ఉంది. వాయించాక పొడిగుడ్డతో తుడవడానికైతే ఖర్చే లేదు.

గిటార్ పొడవు

స్కేల్ అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు. గిబ్సన్ లెస్ పాల్, ఎస్‌జీల స్కేల్ 24.75 అంగుళాలు. పీఆర్ఎస్ చాలావరకు 25. ఫెండర్లు, ఐబానెజ్ ఆర్‌జీలు, ఇంకా మెటల్ గిటార్లలో ఎక్కువ భాగం 25.5. ఐబానెజ్ ఆర్‌జీడీ శ్రేణి 26.5. పీఆర్ఎస్ ఎస్ఈ 277 అనే బారిటోన్ పొడవు దాని పేరులోనే ఉంది: 27.7.

పొడవు పెరిగితే బిగువు పెరుగుతుందన్నది నిజమే. ఎంత పెరుగుతుందన్నది మాత్రం చాలా ప్రకటనల్లో కనిపించదు. డ్రాప్ సీలో 46 తీగ లెస్ పాల్ మీద 4.7 కిలోలు, 25.5 మీద 5 కిలోలు, 27 అంగుళాల గిటార్ మీద 5.6 కిలోలు లాగుతుంది. పోయిన 3 కిలోల్లో పొడవు తెచ్చిచ్చేది 600 గ్రాములు. మిగతాదంతా తీగే తేవాలి. అందుకే డ్రాప్ సీ దాకా మాత్రమే వెళ్లేవారు చేతిలో ఉన్న 25.5 అంగుళాల గిటార్‌ను అమ్మేసి పొడుగుది కొనక్కర్లేదు. లెస్ పాల్ ఉన్నా దిగులు పడక్కర్లేదు, ఇంకో రెండు పాయింట్లు లావు తీగ వేస్తే సరిపోతుంది.

పొడవు అసలు మేలు చేసేది ఇంకా కిందికి వెళ్లినప్పుడు. డ్రాప్ ఏకి 25.5 మీద 69 తీగ కావాలంటే, 27 మీద 65తో అదే బిగువు వస్తుంది. ఆ నాలుగు పాయింట్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ తీగ లావెక్కేకొద్దీ కడ్డీలా బిరుసెక్కుతుంది, దాని పై స్వరాంశాలు (ఓవర్‌టోన్లు) ఉండాల్సిన చోటు కంటే ఎగువకు జరుగుతాయి. శుభ్రమైన ధ్వనిలో అది పెద్దగా తెలియకపోవచ్చు. డిస్టార్షన్‌లో పవర్ కార్డ్ పట్టగానే ఆ జరిగిన అంశాలు ఒకదానితో ఒకటి కొట్టుకుని ముద్దగా తయారవుతాయి. పొడుగు గిటార్ మీద సన్నని తీగ అంటే స్వరం విడిగా, స్పష్టంగా వినిపించడం. డ్రాప్ బీ కంటే కిందికి వెళ్లేవారు 26.5 లేదా 27 కొనడం సబబు. చేతులు చిన్నవైతే మొదటి ఫ్రెట్ల దగ్గర వేళ్లు చాపడం కష్టమవుతుందని తెలిసే కొనాలి. రాల్ఫ్ నోవాక్ 1989లో పేటెంట్ పొందిన, ఫ్రెట్లు విసనకర్ర మడతల్లా పరుచుకున్న మల్టీస్కేల్ పద్ధతిలో అడుగు తీగ పొడుగ్గా, పై తీగ పొట్టిగా ఉంటాయి. అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది కానీ లెక్క మాత్రం సరైనదే.

ఏడు తీగల గిటార్ ఇంకో దారి. స్టీవ్ వై కోసం ఐబానెజ్ 1990లో తెచ్చిన యూనివర్స్ దాన్ని రాక్ రంగంలోకి గట్టిగా తీసుకొచ్చింది. నాలుగేళ్ల తర్వాత కోర్న్ బృందం తొలి ఆల్బమ్‌లో ఏడు తీగలనూ ఇంకో రెండు మెట్లు దించి, అడుగున ‘ఏ’ స్వరం పలికించింది. స్వీడన్‌కు చెందిన మెషుగ్గా బృందం 2002 నాటి ‘నథింగ్’ కాలం నుంచి ఎనిమిది తీగల వైపు వెళ్లింది. అక్కడ అడుగు స్వరం ఎఫ్, 43.7 హెర్ట్జ్. బేస్ గిటార్ అడుగు స్వరానికి ఒకే ఒక మెట్టు పైన. ఈ దారి ఎంచుకునేవారు ఒక సంగతి గ్రహించాలి. ఏడో తీగ కొనడమంటే పాత ఆరు తీగలనూ మామూలు శ్రుతిలో ఉంచుకునే వీలు కొనడం. ఆ వీలు అక్కర్లేనివారికి, రిఫ్‌లు మాత్రమే వాయించేవారికి, ఆరు తీగల పొడుగు గిటారే నయం. నెక్ సన్నగా ఉంటుంది, మ్యూట్ చేయాల్సిన తీగలూ తక్కువ.

బ్రిడ్జ్ గురించి సందేహమే వద్దు. కదలని బ్రిడ్జ్ కొనాలి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జ్‌లో వెనక స్ప్రింగులు, ముందు తీగలు ఒకదాన్నొకటి తూచుకుంటూ ఉంటాయి. ఒక్క తీగ దించితే మిగతా అయిదూ పైకి వెళ్తాయి. పాటకీ పాటకీ మధ్య శ్రుతి మార్చాలంటే నరకమే. డబ్బుకు వెనకాడనివారికి నార్వేలో పుట్టిన ఎవర్‌ట్యూన్ ఉంది. అందులో ప్రతి తీగకూ విడిగా ఒక స్ప్రింగు ఉండి, ఎంత గట్టిగా కొట్టినా స్వరాన్ని ఎగరనివ్వదు. స్టూడియోల్లో దానికి గిరాకీ ఎక్కువ.

చెక్క గురించి వాదనలు చాలా ఉన్నాయి. ఇంత డిస్టార్షన్ కింద మహాగనీయా, బాస్‌వుడ్డా అని తేల్చుకోవడానికి వెచ్చించే సాయంత్రాలు తీగలు మార్చడానికి వెచ్చిస్తే ఫలితం ఎక్కువ.

పికప్ దగ్గరికి

తీగ కదలికను విద్యుత్తుగా మార్చేదే పికప్. అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ. ఒకే కాయిల్ ఉంటే అది కరెంటు లైన్ల గుయ్యిమనే శబ్దాన్ని కూడా పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ ఇంజినీరు సేత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ గోలను చంపాడు. అదే హంబకర్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌తో నడుస్తుంది. డ్రాప్ ఏలో అడుగు తీగ 55 హెర్ట్జ్. గోలా, స్వరమూ అంత పక్కపక్కన ఉన్నప్పుడు, దాన్ని ఫిల్టర్‌తో వడకట్టబోతే సంగీతం కూడా కొంత పోతుంది. అందుకే ఈ శ్రుతుల్లో హంబకర్ దాదాపు తప్పనిసరి అనుకోవచ్చు.

‘దాదాపు’ అనడానికి కారణం టామ్ మొరెల్లో. రేజ్ అగెన్‌స్ట్ ద మెషీన్ డ్రాప్ డీ పాటలకు ఆయన ఎక్కువగా వాడేది ఒక ఫెండర్ టెలికాస్టర్. కంట్రీ సంగీతానికి పేరుపడ్డ సింగిల్ కాయిల్ గిటార్ అది. 1992 నాటి ఆ తొలి ఆల్బమ్ విని ‘పికప్ బలం చాలలేదు’ అన్నవారు ఎవరూ ఉండరు.

పికప్ బలం మీద ఉన్న మోజుకు ఒక చరిత్ర ఉంది. పాత గిబ్సన్ హంబకర్ల డీసీ నిరోధం 7.5 నుంచి 8.5 కిలో ఓమ్‌ల మధ్య ఉండేది. అప్పటి ఆంప్లిఫయర్లలో గెయిన్ తక్కువ. వాటిని గట్టిగా తోస్తే తప్ప డిస్టార్షన్ వచ్చేది కాదు. 1972లో లారీ డిమార్జియో ఎక్కువ చుట్లు, సెరామిక్ అయస్కాంతంతో సూపర్ డిస్టార్షన్ తయారుచేసింది ఆ తోపు కోసమే. ఆ తర్వాత సేమర్ డంకన్ జేబీ 16 కిలో ఓమ్‌లు దాటింది, ఇన్వేడర్‌లో ఏకంగా మూడు సెరామిక్ అయస్కాంతాలు పెట్టారు. కానీ 1992లో పీవీ 5150 లాంటి ఆంప్‌లు వచ్చాక లెక్క మారిపోయింది. ఆంప్‌లోనే కావలసినదానికంటే ఎక్కువ గెయిన్ ఉంది. ఇవాళ్టి డిజిటల్ మోడలర్ల గురించైతే చెప్పనే అక్కర్లేదు. ఆంప్‌ను తోయడం పికప్ పనిగా లేనప్పుడు, దానికి మిగిలిన పని ఒక్కటే: కార్డ్‌లోని స్వరాలను విడివిడిగా అందించడం.

పెట్టె మీది కిలో ఓమ్‌ల అంకె ఆ సంగతి చెప్పదు. అది రాగి తీగ ఎంత పొడుగు, ఎంత సన్నం అన్నదే చెబుతుంది. ఒకే నిర్మాణంలో చుట్లు పెరిగితే బలం పెరుగుతుంది, దానితోపాటు పై స్వరాంశాలు మొద్దుబారుతాయి, మధ్య స్థాయి ముందుకొస్తుంది. జేబీ అందరికీ తెలిసిన మంచి పికప్, సోలోలకు పాడినట్టు ఉంటుంది. కానీ కింది శ్రుతుల్లో దాని అడుగు ధ్వని కాస్త వదులు. అదే కంపెనీవారి డంకన్ డిస్టార్షన్‌లో, సెరామిక్ అయస్కాంతంతో, అడుగు గట్టిగా పట్టినట్టు వస్తుంది. పెరిఫెరీ బృందపు మిషా మన్సూర్ కోసం బ్రిటన్‌లోని బేర్ నకిల్ చేసిన జగర్‌నాట్ లాంటివి అచ్చంగా కింది శ్రుతులను దృష్టిలో పెట్టుకుని పుట్టినవే.

యాక్టివ్ పికప్‌ల కథ వేరు. రాబ్ టర్నర్ 1976లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో మొదలుపెట్టిన సంస్థే తర్వాత ఈఎంజీ అయింది. అందులో కాయిల్ చుట్లు తక్కువ, పికప్ లోపలే 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీఆంప్ ఉంటుంది. సంకేతం తక్కువ ఇంపెడెన్స్‌తో బయటికి వస్తుంది కాబట్టి పొడుగు కేబుల్‌లో పై స్వరాంశాలు చచ్చిపోవు, గోల కూడా తక్కువ. మెటాలికా జేమ్స్ హెట్‌ఫీల్డ్ బ్రిడ్జ్ దగ్గర ఈఎంజీ 81, నెక్ దగ్గర 60 పెట్టుకుని వాయించిన రిథమ్ ఒక తరానికి పాఠ్యపుస్తకం. 81 దెబ్బకు వెంటనే పలుకుతుంది, అడుగు స్థాయి పొదుపుగా ఉంటుంది, మెత్తగా కొట్టినా గట్టిగా కొట్టినా తేడా తక్కువ. ఆ చివరిది కొందరికి వరం, కొందరికి విసుగు. చేతి బలంతో రిఫ్‌కు ప్రాణం పోసేవారికి 81 గోడలా అనిపించవచ్చు. 2014లో వచ్చిన ఫిష్‌మన్ ఫ్లూయెన్స్‌లో చుట్టిన రాగికి బదులు పొరలుపొరలుగా అచ్చువేసిన సర్క్యూట్ బోర్డులుంటాయి. ఒకే పికప్‌లో రెండు గొంతులు మార్చుకోవచ్చు.

పాసివ్ నుంచి యాక్టివ్‌కి మారేవారికి హెచ్చరిక ఒకటుంది. పాసివ్ హంబకర్లకు 500 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు (పాట్లు), ఈఎంజీలకు 25 కిలో ఓమ్‌లవి వాడతారు. పికప్ ఒక్కటే మార్చి పాత పాట్లు ఉంచేస్తే వాల్యూమ్ నాబ్ దాదాపు స్విచ్‌లా పనిచేస్తుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకడం మరవకూడదు. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఏ పికప్ అయినా ఎత్తు సరిచేయకుండా తీర్పు చెప్పకూడదు. స్క్రూడ్రైవర్‌తో అయిపోయే పనిది, పైసా ఖర్చు లేదు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, తీగకూ పికప్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల దూరంతో మొదలుపెట్టి, లావు తీగ వైపు కొంచెం దించి వినాలి. బలమైన అయస్కాంతం మరీ దగ్గరైతే లావు తీగను తనవైపు లాగి స్వరాన్ని కలుషితం చేస్తుంది. అడుగు ధ్వని ముద్దగా ఉందన్న ఫిర్యాదుల్లో కొన్ని అర మిల్లీమీటరు దించగానే తీరిపోతాయి.

స్పీకర్ వినిపించనిది

హెవీ గిటార్లకు బాగా వాడే సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్ పనిచేసే పరిధి 70 నుంచి 5,000 హెర్ట్జ్. డ్రాప్ సీ అడుగు స్వరమే 65. అంటే ఆ స్వరపు మూల కంపనం క్యాబినెట్‌లోంచి సరిగ్గా బయటికే రాదు. అయినా లోతుగా వినిపిస్తుంది, ఎందుకంటే 130, 196, 262 దగ్గరి స్వరాంశాలను విని చెవి ఆ అడుగును ఊహించుకుంటుంది. నిజమైన అడుగు బేస్ గిటార్ ఇస్తుంది. రిథమ్ గిటార్ బరువుగా వినిపించేది మధ్య స్థాయిలో. ఆంప్‌లో బేస్ నాబ్ నిండా తిప్పి, మిడ్ నాబ్ సున్నాకు దించేవారు ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు రాజులు. డ్రమ్స్, బేస్ కలిసిన మరుక్షణం వాళ్ల గిటార్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇందుకే మెటల్ గిటారిస్టులు అధిక గెయిన్ ఆంప్ ముందు కూడా ఐబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఆకుపచ్చ పెడల్ పెడతారు. డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ నిండా. డిస్టార్షన్ కోసం కాదు. ఆ పెడల్ సర్క్యూట్ 720 హెర్ట్జ్ కిందున్న ధ్వనికి బూస్ట్ తగ్గిస్తూ పోతుంది. అడుగు తగ్గి ఆంప్‌లోకి వెళ్తే డిస్టార్షన్ ముద్ద కాదు. కొత్త పికప్ కొనబోయే ముందు ఈ పెడల్‌నో, దాని చవక నకలునో ఒకసారి అరువు తెచ్చి చూడటం తెలివైన పని. గెయిన్‌ను అనుకున్నదానికంటే పావు వంతు తగ్గించి వాయించడం కూడా.

గుయ్యిమనే గోల ఎక్కువగా ఉండి, తీగ మీద చెయ్యి పెట్టగానే తగ్గుతోందంటే చూడాల్సినవాటిలో గోడలోని ప్లగ్ ఒకటి. తీగలు బ్రిడ్జ్ ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్‌లో పైపిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చే అలవాటు గోలనే కాదు, ప్రాణం మీదికి కూడా తేగలదు. ప్రాక్టీసు గదిలో ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోవడం పికప్ ఖర్చులో చిన్న ముక్క.

షాపులో

గోడకు వేలాడే గిటార్లలో చాలావాటికి సన్నని ఫ్యాక్టరీ తీగలే ఉంటాయి. ఐబానెజ్ ఆర్‌జీల్లాంటివి 9–42తో వస్తాయి. డ్రాప్ సీలో ఆ 42 లాగుడు 4 కిలోల పైచిలుకు మాత్రమే. కాబట్టి షాపులో దించి కొట్టి ‘ఈ గిటార్ హెవీకి పనికిరాదు’ అని తేల్చేయడం దానికి అన్యాయం. ముందు ఆంప్‌కు కలపకుండా వాయించాలి. ఒక్కో ఫ్రెట్ మీద స్వరం ఎంతసేపు నిలుస్తోంది, నెక్ వేడిమికీ తేమకీ వంగిపోలేదు కదా, ఫ్రెట్ కొసలు చేతికి గుచ్చుకోవడం లేదు కదా అన్నవి అప్పుడే తెలుస్తాయి. తర్వాత శాడిళ్లు ఎంత వెనక్కి ఉన్నాయో చూడాలి. ఆరో తీగ శాడిల్ ఇప్పటికే చివర ఆనుకుని ఉంటే లావు తీగకు చోటు లేనట్టే. లావు తీగల సెట్ ఒకటి వెంట తీసుకెళ్లి, కొనే ముందు షాపులోనే వేయించి చూపమని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చాలా షాపుల్లో ఒప్పుకుంటారు, డబ్బు కట్టే ముందైతే ఇంకా తొందరగా.

కొత్త గిటార్‌తో వచ్చిన పికప్‌ను కనీసం కొన్ని నెలలు ఉంచి, అదే తీగలు, అదే ఆంప్‌తో వాయించాక మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవచ్చు. మార్చాలనే అనిపిస్తే ఏ లోటు తీరాలో ఒక వాక్యంలో రాసుకోవాలి. ‘అడుగు వదులు’, ‘పైన గరుకు’, ‘కార్డ్‌లో మధ్య స్వరం వినబడటం లేదు’ అన్నట్టు. ‘ఇంకా హెవీగా కావాలి’ అన్న వాక్యంతో పికప్ ఎంచుకోలేం. వైరింగ్ చేసేవారికి కంపెనీ రేఖాచిత్రం ఇవ్వాలి, ఎందుకంటే నాలుగు తీగల రంగుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది. సేమర్ డంకన్‌లో సంకేతం నలుపు తీగలో వస్తే, డిమార్జియోలో ఎరుపులో వస్తుంది. తీసిన పాత పికప్‌ను పొడుగు వైర్లతో సహా జాగ్రత్త చేయాలి. గిటార్ అమ్మే రోజు వస్తే, అసలు పికప్ ఉన్నదానికే మంచి ధర పలుకుతుంది.